అడ్మిషన్ల మాటకు తేదీ, సాక్ష్యం: కర్నూలు విద్యాసంస్థల సందేశాలపై పర్యవేక్షణ

ఇంటర్, పదో తరగతి ఫలితాలు వెలువడే ఏప్రిల్ నెలలో కర్నూలు రాజ్‌విహార్ కూడలి, సి.క్యాంపు, నంద్యాల చెక్‌పోస్టు ప్రాంతాల్లో ర్యాంకర్ల ఫొటోలతో ఫ్లెక్సీలు వెలుస్తాయి. కంటికి కనిపించే ప్రచారం అంతవరకే. అసలు అడ్మిషన్లు కుదిరేది ఆదోని, కోసిగి, కౌతాళం, ఆలూరు మండలాల్లో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తెచ్చే సిబ్బంది అయిన పీఆర్వోల మాటల్లో, వారి సొంత ఫోన్ల నుంచి వెళ్లే వాట్సాప్ సందేశాల్లో, తండ్రి గుంటూరు వైపు మిరపకోతలకు వలస వెళ్లి ఉంటే అక్కడికే చేరే వాయిస్ మెసేజ్‌ల్లో. ఫీజు ఎంత, హాస్టల్ ఎలా ఉంటుంది, నీట్ సీటు వస్తుందా, మధ్యలో మానేస్తే డబ్బు తిరిగి ఇస్తారా అన్న ప్రశ్నలకు జవాబులు ఈ దారుల్లోనే వెళ్తాయి. అప్పు తెచ్చి మొదటి విడత ఫీజు కట్టే కుటుంబం ఆ జవాబులను నమ్మే కడుతుంది.

స్టాక్ బ్రోకర్లు, బ్యాంకులు తమ ఉద్యోగులు ఖాతాదారులతో జరిపే సంభాషణలను నమోదు చేసి, భద్రపరచి, అప్పుడప్పుడూ తిరిగి వినే పద్ధతికి చాలాకాలంగా అలవాటు పడ్డాయి. విద్యాసంస్థల్లో ఆ అలవాటు దాదాపుగా లేదు. 2024 నుంచి వచ్చిన నిబంధనల్లో ఎక్కువ భాగం బోధన గురించి కాక, సంస్థ తన గురించి తాను ఏం చెప్పుకుంటుంది, విద్యార్థి గురించి ఎవరికి ఏం చెబుతుంది అన్న దాని గురించి కావడంతో, ఈ లోటు ఇప్పుడు నేరుగా జరిమానాల దాకా తీసుకెళ్లగలదు. అందువల్ల కర్నూలు లాంటి జిల్లాలో విద్యాసంస్థ తన సిబ్బంది పంపే సందేశాలపై పర్యవేక్షణను ఆఫీసు ఈమెయిళ్లతో మొదలుపెడితే ప్రయోజనం తక్కువ. అది పీఆర్వో ఫోనుతో మొదలు కావాలి, ఏ మాట ఏ తేదీన చెప్పారన్నది నమోదు చేయడం దాని మొదటి పని కావాలి.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ కేంద్రాల నియంత్రణకు మార్గదర్శకాలు ఇచ్చింది. యాభై మందికి మించి విద్యార్థులున్న కేంద్రాలకు వర్తించే ఆ పత్రం ప్రకారం పదహారేళ్లలోపు వారిని, లేదా పదో తరగతి పరీక్ష పూర్తికాని వారిని, చేర్చుకోకూడదు. ర్యాంకు వస్తుందని, మార్కులు వస్తాయని హామీ ఇవ్వకూడదు. విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో ఫీజు తిరిగి ఇవ్వాలి. మొదటి ఉల్లంఘనకు 25,000 రూపాయలు, రెండోదానికి లక్ష రూపాయల జరిమానాను, ఆ తర్వాత రిజిస్ట్రేషన్ రద్దును అందులో సూచించారు. అయితే ఇవి రాష్ట్రాలు తమ చట్టాల ద్వారా అమలు చేయాల్సిన మార్గదర్శకాలు కాబట్టి, కాగితం మీద ఉన్నంత బలం క్షేత్రస్థాయిలో వెంటనే కనిపించలేదు.

అదే ఏడాది నవంబరు 13న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ (సీసీపీఏ) కోచింగ్ రంగంలో తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు జారీచేసిన మార్గదర్శకాల సంగతి వేరు. వాటి వెనుక 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది. తప్పుడు ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల దాకా జరిమానా వేసే అధికారం ఆ చట్టం సీసీపీఏకు ఇచ్చింది. ఇంటర్వ్యూకు ఉచిత శిక్షణ మాత్రమే తీసుకున్న సివిల్స్ విజేతలను తమ పూర్తి కోర్సు విద్యార్థులుగా చూపించుకున్న పలు కోచింగ్ సంస్థలపై ఈ సంస్థ ఇప్పటికే జరిమానాలు విధించింది.

చాలామంది యాజమాన్యాల దృష్టికి రాని విషయం ఒకటి ఈ చట్టంలోనే ఉంది. ‘ప్రకటన’ అన్న మాటకు చట్టం ఇచ్చిన నిర్వచనంలో పత్రికా ప్రకటన, టీవీ ప్రకటనలతో పాటు శబ్దం, ఇంటర్నెట్ ద్వారా చేసే ప్రచారం, నోటీసు, సర్క్యులర్, ఇన్వాయిస్ కూడా చేరాయి. అంటే పీఆర్వో పంపిన వాయిస్ మెసేజ్, రసీదు వెనక అచ్చువేసిన వాక్యం, గ్రూపులో పెట్టిన నోటీసు ఫొటో అన్నీ ప్రకటన కిందికి రాగలవు. ఫ్లెక్సీ మీద ‘షరతులు వర్తిస్తాయి’ అని చిన్న అక్షరాల్లో వేసి, ఫోనులో మాత్రం ‘సీటు గ్యారంటీ అన్నా, నేను చూసుకుంటా’ అని చెప్పే పద్ధతిని ఈ నిర్వచనం ముందు నిలబెట్టి చూడాలి. ఆ షరతుల అక్షరాలు కూడా ప్రధాన వాక్యం అక్షరాలంత ఉండాలని 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ‘ఇంకా పది సీట్లే మిగిలాయి, ఈ సాయంత్రం లోపు కట్టండి’ అన్న మామూలు సందేశం సైతం, ఆ మాట నిజం కాకపోతే, లేని తొందరను కల్పించడం కిందికి వస్తుంది.

ర్యాంకరు ఫొటో విషయంలో నియమం ఇంకా గట్టిగా ఉంది. విద్యార్థి పేరు, ఫొటో, అభిప్రాయం వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి కావాలి. ఆ అనుమతి కూడా విద్యార్థి విజయం సాధించిన తర్వాత తీసుకున్నదై ఉండాలి. అడ్మిషన్ రోజున ఇంగ్లిష్‌లో అచ్చువేసిన నాలుగు పేజీల దరఖాస్తులో పదిహేడో షరతుగా ‘నా ఫొటోను ప్రచారానికి వాడుకోవచ్చు’ అని ఉంచి, కింద తండ్రి చేత వేలిముద్ర వేయించుకోవడం ఇక చెల్లదు. ఫొటో పక్కన ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎంతకాలం చదివారో, అది డబ్బు కట్టి తీసుకున్నదా కాదా అన్నది కూడా చెప్పాలి. సందేశాలను పర్యవేక్షించే వ్యక్తి చేయదగ్గ అతి సులువైన, అతి విలువైన పని ఇక్కడే ఉంది: ఫొటో ఉన్న ప్రతి పోస్టరుకూ దాని అనుమతి పత్రం, తేదీతో సహా, జతచేసి ఉందో లేదో చూడటం.

ఢిల్లీలో రాసిన ఈ నియమాలు ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేసరికి ఒక చిక్కు ఎదురవుతుంది. రాజస్థాన్‌లోని కోటాలో కోచింగ్ కేంద్రం వేరు, పిల్లలు పేరు నమోదు చేసుకునే బడి వేరు. ఇక్కడ రెండూ ఒకే ప్రాంగణంలో, ఒకే ఫీజులో కలిసిపోయాయి. ఇంటర్మీడియట్ బోర్డు గుర్తింపు ఉన్న జూనియర్ కళాశాలలోనే ఎంపీసీతో పాటు జేఈఈ, బైపీసీతో పాటు నీట్ శిక్షణ నడుస్తుంది. పాఠశాలల్లో ఆరో తరగతి నుంచే ‘ఐఐటీ ఫౌండేషన్’ పేరుతో అదనపు తరగతులు ఉంటాయి. డిగ్రీ లేదా ధ్రువపత్రం ఇచ్చే విద్యాసంస్థలను వినియోగదారుల చట్టం పరిధిలోకి తేలేమని, కోచింగ్ సంస్థలకు మాత్రం ఆ మినహాయింపు లేదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలో తీర్పు ఇచ్చింది. మరి రెండూ కలిసిన కళాశాల పంపే ఒక్క సందేశంలో ఎంత భాగం కళాశాలది, ఎంత భాగం కోచింగ్‌ది?

ఈ ప్రశ్నకు కోర్టు జవాబు కోసం ఎదురుచూడటం కన్నా సందేశాన్నే విడదీసి రాయడం సంస్థకు క్షేమం. బోర్డు పాఠ్యాంశాలకు ఫీజు ఇంత, పోటీ పరీక్షల శిక్షణకు ఇంత, హాస్టల్‌కు ఇంత అని మొదటి సందేశంలోనే వేర్వేరుగా చెబితే, మధ్యలో మానేసిన విద్యార్థికి దేనికెంత తిరిగి ఇవ్వాలో కూడా తేలిపోతుంది. అన్నీ కలిపి ‘ప్యాకేజీ’ అని ఒకే అంకె చెప్పే పద్ధతిలో తల్లిదండ్రులకు నష్టం ఉంది, వివాదం వచ్చినప్పుడు సంస్థకూ నష్టం ఉంది. ‘ఆరో తరగతి ఫౌండేషన్ బ్యాచ్‌కు ప్రవేశ పరీక్ష’ అన్న కరపత్రమైతే ఇంకో గడప కూడా తొక్కుతుంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 13వ సెక్షన్ ప్రాథమిక విద్యలో, అంటే ఎనిమిదో తరగతి వరకు, చేరే పిల్లలకు వడపోత పరీక్ష పెట్టడాన్నీ, ప్రకటించిన ఫీజుకు మించి వసూలుచేసే క్యాపిటేషన్ ఫీజునూ నిషేధించింది. వడపోత పరీక్షకు మొదటిసారి 25,000, ఆపై ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా ఉంది. ‘టాలెంట్ టెస్టు’ అని పేరు మార్చినంత మాత్రాన, దాని మార్కులను బట్టే సీటు ఇస్తున్నప్పుడు, విషయం మారదు.

ఫీజుల విషయానికి వస్తే తేదీ ఎంత ముఖ్యమో 2021 చెబుతుంది. పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫారసులతో రాష్ట్ర ప్రభుత్వం ఆ ఏడాది ఆగస్టులో జీవో 53, 54 జారీచేసి ప్రైవేటు పాఠశాలలకు, జూనియర్ కళాశాలలకు ఫీజులు ఖరారు చేసింది. దాని ప్రకారం నగరపాలక సంస్థ అయిన కర్నూలులో ఉన్నత పాఠశాలకు ఏడాదికి 18,000, పురపాలక పట్టణమైన ఆదోనిలో 15,000, గ్రామ పంచాయతీల్లో 12,000 రూపాయలు మించకూడదు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీవోలను కొట్టివేసింది. నాలుగు నెలల వ్యవధిలో ఒకే ఫీజు సందేశం ఒకసారి నిబంధనకు విరుద్ధమై, తర్వాత విరుద్ధం కాకుండా పోయింది. అప్పటి సందేశాలను ఇప్పుడు తిరగేసే తనిఖీ అధికారికైనా, ఫిర్యాదు చేసే తల్లిదండ్రులకైనా సందేశం వెళ్లిన తేదీ, ఆ తేదీన అమల్లో ఉన్న నియమం రెండూ పక్కపక్కన లేకపోతే న్యాయం తేలదు.

ప్రభుత్వ పథకాలు మారినప్పుడు కూడా ఇదే చిక్కు వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము 2021 నుంచి తల్లుల ఖాతాలకు వెళ్లేది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాలల ఖాతాలకే చెల్లించాలని నిర్ణయించారు. పాత సందేశాన్ని కాపీ చేసి ‘మీ ఖాతాలో పడిన సొమ్ము వెంటనే కళాశాలకు కట్టండి’ అని పంపే గుమస్తాకు దురుద్దేశం లేకపోవచ్చు. అయినా ఆ మాట విని అప్పు కోసం పరుగెత్తే తల్లికి కలిగే నష్టం నిజమైనదే. 2025 జూన్‌లో ‘తల్లికి వందనం’ అమలైనప్పుడు 15,000 రూపాయల్లో 2,000 బడి నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాకు జమచేశారు. ‘మీకు పదిహేను వేలు వచ్చాయి కదా’ అని మొదలయ్యే బకాయి సందేశం ఆ రెండు వేల తేడాతోనే గొడవకు బీజం వేస్తుంది.

హాల్ టికెట్ల విషయం ఇంతకన్నా సున్నితమైనది. ఫీజు బకాయి ఉంటే హాల్ టికెట్ ఇవ్వబోమని పరీక్షలకు ముందు సందేశం పెట్టడం చాలా కళాశాలల్లో ఆనవాయితీగా మారింది. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వ ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ మొదలయ్యాక ఆ ఏడాది ఇంటర్ హాల్ టికెట్లను విద్యార్థులే నేరుగా ఫోనులో తీసుకునే వీలు కలిగింది. ఆ తర్వాత కూడా పాత బెదిరింపు సందేశమే పంపితే అది వాస్తవ విరుద్ధం. దాన్ని చదివి భయపడి పరీక్షకు రాకుండా పోయే పిల్లలు ఎక్కువగా పేద ఇళ్లవారే కాబట్టి, సందేశాల పర్యవేక్షణ అనే పనికి న్యాయమైన కారణం వెతకాల్సి వస్తే ఈ ఒక్క ఉదాహరణ చాలు. అదే జనవరిలో ఇంటర్ మొదటి సంవత్సరం పబ్లిక్ పరీక్షలు ఎత్తివేసే ప్రతిపాదన బోర్డు నుంచి వచ్చి, అభిప్రాయాలు సేకరించాక ఆగిపోయింది. ప్రతిపాదనను నిర్ణయంగా చెప్పి పంపిన సందేశాలను ఆపాల్సిన బాధ్యత ఎవరిదో ముందే రాసి ఉంచుకోని సంస్థల్లో అలాంటి సందేశం ఎవరి చేతిలోనూ ఆగదు.

ఇప్పటిదాకా చెప్పింది సంస్థ తన గురించి చెప్పుకునే మాటల సంగతి. విద్యార్థి గురించి చెప్పే మాటలకు మరో కొలత ఉంది. వారాంతపు పరీక్ష మార్కుల జాబితాను పేర్లతో సహా తల్లిదండ్రుల గ్రూపులో పెట్టడం, చివరి పది మంది పేర్ల కింద ఎర్రగీత గీయడం, వెనకబడిన వారిని వేరే సెక్షన్‌కు మార్చినట్టు అందరికీ తెలిసేలా ప్రకటించడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. విశాఖపట్నంలో నీట్‌కు సిద్ధమవుతూ మరణించిన విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న ఇచ్చిన తీర్పు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ, కోచింగ్ కేంద్రాలకూ పదిహేను మార్గదర్శకాలు పెట్టింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాలని అందులో ఉంది. వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్ ఉండాలని, సహాయ ఫోన్ నంబర్లు అందరికీ కనిపించేలా ఉంచాలని కూడా ఉంది.

మార్కుల జాబితా గ్రూపులో పెట్టడం ఈ తీర్పుతో పాటు 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికీ తగులుతుంది. ఆ చట్టంలో పద్దెనిమిదేళ్లలోపు వారంతా పిల్లలే కాబట్టి, ఇంటర్ విద్యార్థుల్లో దాదాపు అందరూ ఆ లెక్కలోకి వస్తారు. వారి సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన అనుమతి కావాలి, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు పంపకూడదు. 2025 నవంబరులో వెలువడిన నియమాలు విద్యాసంస్థలకు చదువు, భద్రత అవసరాల కోసం పిల్లలను గమనించుకునే వెసులుబాటు ఇచ్చాయి. ఆ వెసులుబాటు అడ్మిషన్ల ప్రచారానికి వర్తించదు. పదో తరగతి విద్యార్థుల ఫోన్ నంబర్ల జాబితాలు పాఠశాలల నుంచి కళాశాలల పీఆర్వోలకు చేతులు మారే ఆనవాయితీకి చట్టం ముందు నిలిచే ఆధారం లేదు. చట్టంలోని ప్రధాన బాధ్యతలు 2027 మే నాటికి పూర్తిగా అమల్లోకి వస్తాయి. పిల్లల సమాచారానికి సంబంధించిన ఉల్లంఘనకు 200 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు.

పర్యవేక్షణ ఎలా ఉండాలన్న దగ్గర బయటి నుంచి కొని తెచ్చే సాఫ్ట్‌వేర్ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. అలాంటివి చాలావరకు ఇంగ్లిష్ ఈమెయిళ్లలో కొన్ని పదాల కోసం వెతుకుతాయి. కర్నూలు పీఆర్వో రాసేది ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు. పాతబస్తీలో మాట్లాడేది ఉర్దూ. హొళగుంద, కౌతాళం వైపు కన్నడ కలిసిన తెలుగు. ‘గ్యారంటీ’ అన్న పదం కోసం వెతికితే ‘సీటు నాది పూచీ’ అన్న వాక్యం తప్పించుకుపోతుంది. అందువల్ల వారానికి కొన్ని సంభాషణలను ఎంపిక చేసుకుని, ఆ యాస తెలిసిన, అడ్మిషన్ల విభాగంతో సంబంధం లేని మనిషి కూర్చుని చదవడం, వినడం తప్పనిసరి. ఎన్ని అడ్మిషన్లు తెస్తే అంత కమీషన్ అన్న లెక్కతో జీతం తీసుకునే వ్యక్తికి ఈ పని అప్పగిస్తే అది జరగదు. ఆ కమీషన్ పద్ధతిని అలాగే ఉంచి సందేశాలను మాత్రం సరిచేయాలనుకునే సంస్థ, తప్పుడు హామీకి ఒక చేత్తో డబ్బిస్తూ రెండో చేత్తో దాన్ని పట్టుకోబోతున్నట్టే.

ఎస్ఎంఎస్‌లకు ఒక పద్ధతి ఇప్పటికే ఉంది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల ప్రకారం పంపేవారి పేరు, సందేశం నమూనా ముందే నమోదు కావాలి, ప్రచార కాల్స్ 140తో మొదలయ్యే నంబర్ల నుంచి వెళ్లాలి, ఇబ్బంది పడినవారు 1909కు ఫిర్యాదు చేయవచ్చు. వాట్సాప్‌కు అలాంటి ముందస్తు నమోదు లేదు. అందుకే ప్రచారమంతా అటు మళ్లింది. అదే క్రమశిక్షణను సంస్థ తనకు తానుగా వాట్సాప్‌లోకి తెచ్చుకోవచ్చు. అడ్మిషన్ల సిబ్బందికి సంస్థ పేరున సిమ్ ఇచ్చి, ఫీజు, రాయితీ, రీఫండ్, హాస్టల్ గురించిన మాటలన్నీ ఆమోదించిన నమూనాల్లోనే పంపించి, ప్రతి నమూనా మీద అది ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో, ఏ నియమం మీద ఆధారపడిందో రాసి ఉంచాలి. నియమం మారిన రోజున పాత నమూనా అందరి ఫోన్లలోనూ ఆగిపోవాలి. నోటిమాటగా ఇచ్చిన హామీ ఏదైనా ఉంటే, అడ్మిషన్ ఖరారయ్యే ముందు దాన్ని తెలుగులో రాసి తల్లిదండ్రులకు పంపి, చదవలేనివారికి ఫోనులో చదివి వినిపించి, వారి ఒప్పుదల నమోదు చేసుకోవాలి.

ఉద్యోగుల హక్కును మరచిపోయి ఈ పని మొదలుపెట్టడం తప్పు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తేల్చింది. ఉద్యోగ అవసరాలకు, సంస్థకు నష్టం రాకుండా చూసుకోవడానికి ఉద్యోగి సమాచారాన్ని వాడే వీలు డేటా చట్టం ఇచ్చినా, పది పన్నెండు వేల జీతానికి పనిచేసే పీఆర్వో సొంత ఫోను అడిగి తీసుకుని ఇంటి మాటలు కూడా చదివే అధికారం దానిలోంచి రాదు. పని ఫోను వేరుగా ఇవ్వడం వల్ల ఖర్చు కొంత పెరుగుతుంది. కానీ ఆ ఖర్చు పెట్టకుండా పర్యవేక్షణ జరపాలనుకోవడం సరికాదు. ఏ సంభాషణలు చూస్తారు, ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు ఉంచుతారు అన్నది ఉద్యోగికి తెలుగులో రాసి ఇవ్వాలి.

ఎన్నాళ్లు ఉంచాలన్న ప్రశ్నకు రెండు చట్టాలు రెండు వైపులకు లాగుతాయి. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల గడువు ఉంది. డేటా చట్టం మాత్రం అవసరం తీరగానే సమాచారం చెరిపేయమంటుంది. చేరిన విద్యార్థి సంభాషణను కోర్సు ముగిశాక రెండేళ్ల వరకు, చేరని కుటుంబం ఫోన్ నంబరును ఆ అడ్మిషన్ల కాలం ముగిసేవరకు ఉంచడం సమంజసంగా కనిపిస్తుంది. ఉంచిన దాన్ని సాక్ష్యంగా నిలిచేలా ఉంచాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు దాని హ్యాష్ విలువ (రికార్డు మారలేదని చూపే సంకేతం) తెలిపే ధ్రువపత్రం ఇవ్వాలి కాబట్టి, ఎవరో తీసి పంపిన స్క్రీన్‌షాట్ ఒక్కటే సంస్థకు గానీ ఫిర్యాదుదారుకు గానీ చాలకపోవచ్చు. వలస నుంచి తిరిగొచ్చి ‘ఫోనులో ఇలా చెప్పారు సార్’ అని కళాశాల ఆఫీసులో నిలబడిన తండ్రి దగ్గర మామూలుగా ఉండేది ఆ స్క్రీన్‌షాట్ కూడా కాదు, జ్ఞాపకం ఒక్కటే. ఆ మాట తాలూకు అసలు రికార్డు సంస్థ దగ్గరే ఉండాలి. ఆయన అడిగితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోను చేసేదాకా ఆగకుండా, ఆ రోజే తీసి వినిపించగలగాలి.